డెబ్బై మూడో పుటలోని చీటీ

జిగురత్త గురించి చెప్పుకునే మాటల్లో నిజం తక్కువ, గొంతు ఎక్కువ. మాస్టారి ఆట పుస్తకానికి కొత్త కూర్పు వస్తుంటే ఓర్వలేక అడ్డుపడిందని కొందరు అంటారు. అడ్డుపడటం కాదు, బైండింగు పని తనకు దక్కుతుందన్న ఆశతో పాత ఆటగాళ్ళ నోట్లో మట్టి కొట్టిందని మరికొందరు. పాత పుస్తకాన్ని అందరి ముందూ నిలువునా చించేసిందని కళ్ళారా చూసినట్టు చెప్పే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆ శనివారం ఆయన ఊళ్ళోనే లేడు. ఆమె చూపించిన కాగితం దొంగచాటుగా కొత్తగా అచ్చు వేయించినదని చెవులు కొరుక్కునేవాళ్ళకు మాత్రం ఒక్కటే జవాబు. ఆ కాగితం మీది అక్షరాలు పోతపోసిన సీసపు అక్షరాలు. వాటిని వాడిన ముద్రణాలయం మూతపడి పద్దెనిమిదేళ్ళయింది.

ఈ మాటలన్నీ ఆమె చెవిన పడ్డాయి. ఒక్కదానికీ ఆమె బదులు చెప్పలేదు. అందుకని జరిగినది జరిగినట్టు చెప్పుకోవలసి వస్తోంది.

జిగురత్త పుస్తకాలు కుట్టి అట్టలు వేసే మనిషి. వయసు యాభై ఎనిమిది. చేతివేళ్ళ మధ్య ఎప్పుడూ ఎండిన జిగురు పొలుసులు ఉంటాయి గనక వీధి పిల్లలు పెట్టిన పేరు అది. పెద్దలకూ అదే అలవాటయింది. దుకాణం పొడవుగా, ఇరుకుగా, రైలు పెట్టెలా ఉంటుంది. వాకిట్లో కోత యంత్రం, దాని వెనుక అచ్చు కాగితాలు మడిచి కుట్టిన ఫారాల దొంతరలు, వాటి మీద బరువుకు పెట్టిన ఇనుప దిమ్మలు, చివర ఫారాలు వరుస పేర్చే పెద్ద బల్ల. పైన మేడ మీద తమ్ముడి కుటుంబంతో పాటే కాపురం. ఆమెకు కోపం ముక్కు మీద ఉంటుంది. కానీ దాన్ని కొలత చూసుకోకుండా వాడదు.

ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ పెద్ద బల్ల ఖాళీ అవుతుంది. దాని మీద ఒక గుడ్డ పరిచి, ఏడెనిమిది మంది చుట్టూ చేరి ‘బిడారు’ ఆడతారు. బిడారు అంటే ఒంటెలతో సాగే బాటసారుల గుంపు; ఇది నోటితో ఆడే ఆట. గళ్ళ పలక ఉండదు, గెలుపు ఉండదు. ఒకరు దారి చెబుతారు: ఇసుక గాలి లేచిందని, బావి ఎండిపోయిందని. మిగిలినవాళ్ళు తలా ఒక బాటసారి అయి, అప్పుడు తాము ఏం చేస్తారో చెబుతారు. తేలనిచోట పాచికలు తేలుస్తాయి. ఒక ప్రయాణం ముగియడానికి ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. దీని నియమాల పుస్తకం రాసినది బడిలో భూగోళం చెప్పిన మాస్టారు. ఇరవై నాలుగేళ్ళ కిందట అచ్చయిన ఆ నాలుగు వందల ప్రతులనూ కుట్టినది జిగురత్త.

"లేని ఒంటె చచ్చిపోయిందని ఉన్న కూర చల్లారబెట్టుకుంటారా ఒదినా?" అని మేడ మెట్ల మీంచి మరదలు అరవని శనివారం లేదు.

ఆ పుస్తకంలో అందరికీ ప్రాణంతో సమానమైన నియమం ఒకటి ఉంది. దాన్ని తోడు నియమం అంటారు. అది పుస్తకంలో కలిసి అచ్చయినది కాదు. డెబ్బై మూడో పుటలో, ‘పడిపోయినవారు’ అనే అధ్యాయం మొదట, సన్నని చీటీగా అంటించి ఉంటుంది. "పడిపోయిన ప్రాణి పక్కన జట్టులో ఒకరు ఆ పూటంతా ఆగితే, మరునాడు అది లేచి నడుస్తుంది." అంటే, ఆటలో ఒక బాటసారి చనిపోయే స్థితిలో పడిపోతే, మిగతా ఆటగాళ్ళలో ఒకరు ఆ పూట ఆట మానుకుని పక్కన కూర్చోవాలి. మూడు గంటలు నోరు విప్పకూడదు, పాచిక ముట్టకూడదు. అలా కూర్చుంటే పడిపోయినవారు వచ్చే వారం లేస్తారు. ఎవరూ కూర్చోకపోతే అంతే సంగతులు.

ఇరవై ఏళ్ళ కిందట జిగురత్త నడిపే బాటసారి ఇలాగే పడిపోయింది. ఆ నెలలోనే జిగురత్త తల్లి నిజంగానే మంచం పట్టింది. అప్పటికి ఆమెతో రెండు ముక్కలు కూడా మాట్లాడి ఎరుగని బస్సు డిపో టైంకీపరు లేచి, కాగితపు కట్ట మీద గోడవైపు కూర్చుని, మూడు గంటలు చేతిగడియారం కూడా చూసుకోలేదు. నిమిషాలు లెక్కపెట్టడమే ఉద్యోగమైన మనిషి అతను. ఆనాటి నుంచి ఆమెకు అతను అన్నయ్య.

మాస్టారు పోయి తొమ్మిదేళ్ళు. ఆయన కూతురు భూమి కొలతల ఆఫీసులో పటాలు గీస్తుంది. తండ్రి పుస్తకాన్ని నాలుగేళ్ళు కూర్చుని తిరగరాసింది. ఒక రోజు ఆ రాతప్రతి పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"అత్తా, పుస్తకం వేసేవాళ్ళు మెలిక పెట్టారు. పాత ఆటగాళ్ళు ఒప్పుకున్నట్టు ఉత్తరం కావాలట. అందులోనూ నీ బల్ల నుంచే కావాలట. ఉత్తరం లేకపోతే వేయరట."

"వాళ్ళకెందుకంత భయం?"

"తోడు నియమం తీసేశాను."

జిగురత్త చేతిలోని సూది ఆగింది. "ఎందుకు తీశావు?"

"మనిషిని ఆటకు పిలిచి మూడు గంటలు గోడకు ఆనించి కూర్చోబెట్టమని నేను రాయలేను. మీరంతా పాతికేళ్ళ స్నేహితులు, మీకు చెల్లుతుంది. గ్రంథాలయం గదిలో కొత్తవాళ్ళతో ఏడాది ఆడించి చూశాను. తొమ్మిది మంది అలా ఆగారు. అందులో ఆరుగురు మళ్ళీ గడప తొక్కలేదు. ఇదిగో, పేర్లు, ఫోన్ నంబర్లు."

జిగురత్త ఆ కాగితం ఉంచుకుంది. రెండు రోజుల్లో ఆ ఆరుగురికీ తానే ఫోను చేసింది. ఇద్దరికి పరీక్షలు వచ్చాయి. ఒకామెకు ఆటే నచ్చలేదు, ఆగినా ఆగకపోయినా వచ్చేది కాదు. మిగిలిన ముగ్గురూ దాదాపు ఒకే మాట చెప్పారు: పిలిచి మరీ పక్కన కూర్చోబెట్టారు, ఇంకెందుకు వెళ్ళడం?

"ఆరు కాదు, మూడు," అంది మాస్టారి అమ్మాయితో. "పెంచి చెప్పకు. మూడు చాలు."

"మరి ఉత్తరం?"

"ఆలోచించనీ."

ఆలోచించే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు. వార్త అప్పటికే పాకిపోయింది. పాత ఆటగాళ్ళు ఒంటికాలి మీద లేచారు. ఆ గురువారం టైంకీపరు, తత్వశాస్త్రం లెక్చరరు కలిసి దుకాణానికి వచ్చారు. లెక్చరరు కూడా బల్ల మనిషే. తోడు నియమంలో మనిషిని ‘ప్రాణి’ అనడంలోని లోతు మీద ఒక పెద్ద వ్యాసం రాసినవాడు. కొత్త కూర్పు వేయవద్దని ఇద్దరూ కలిసి ఒక విన్నపం తయారుచేశారు. రెండు వందల పన్నెండు సంతకాలు ఉన్నాయి. మొదటి గీత మీద మాత్రం ఖాళీ.

"ఆ చోటు నీకే వదిలాం చెల్లాయ్," అన్నాడు టైంకీపరు. "పుస్తకం వేసేవాళ్ళకు వెళ్తుంది. నీ పేరు చూశాక వాళ్ళు అచ్చు వేస్తే నా చెవి కోసి ఇస్తాను."

జిగురత్త చదివింది. ‘మాస్టారి హృదయం వంటి నియమాన్ని ఆయన కన్నకూతురే పెకలించడం పితృద్రోహం’ అని ఉంది.

"ద్రోహం అన్నది ఎవరి మాట?"

"నాదే మేడం," అన్నాడు లెక్చరరు గర్వంగా. "కొంచెం ఘాటుగా ఉండాలని."

"ఆ పిల్ల చూపించిన లెక్క చూశారా? కొత్తవాళ్ళు ఎందుకు మానేశారో?"

"కొత్తవాళ్ళ సంగతి మనకెందుకమ్మా?" టైంకీపరు గొంతు లేచింది. "కొత్త పుస్తకం అంటే పాతవాళ్ళకు నచ్చాలా వద్దా? ఆటను ఇన్నాళ్ళు బతికించింది ఎవరు? మనం కాదూ? ఇప్పుడొచ్చి గుండెకాయ కోసేసి, పైన కొత్త అట్ట వేసి, అదే పేరు పెడితే ఊరుకోవాలా?"

"అది గుండెకాయ అని నీకెవరు చెప్పారన్నయ్యా?"

"మాస్టారు రాశారు, అంతకంటే ఎవరు చెప్పాలి!"

జిగురత్త కాగితం మడిచి అతని చేతిలో పెట్టింది. ఆమె మొహం కందగడ్డలా అయింది. "శనివారం అందర్నీ రమ్మను. ఆ పిల్లనీ పిలుస్తాను. అప్పుడు చెబుతాను సంతకం సంగతి."

వాళ్ళు వెళ్ళాక ఆమె కోత యంత్రం చక్రం అవసరం లేకపోయినా నాలుగుసార్లు తిప్పింది. కోపం ఎవరి మీదో తేల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందుగా తన మీద.

ఆ సంగతి ఇది. పుస్తకం అచ్చయ్యాక మాస్టారు ఒక తప్పు గమనించి, సవరణ చీటీలు అచ్చు వేయించి పంపారు. ఒక్కో పెద్ద కాగితపు తావు మీద ఇరవై చీటీలు; చెడిపోతే ఉంటుందని ఒక తావు ఎక్కువే పంపారు. జిగురత్త ఇరవై తావులను దొంతరగా పేర్చి ఒక్కసారే కోసింది. కొలత పట్టీ జరిగిందని చూసుకోలేదు. ప్రతి చీటీ పైవరుసా తెగి, తుక్కు బుట్టలో పడింది. చీటీ ఏ పుటలో అంటించాలో చెప్పేది ఆ పైవరుసే. మాస్టారికి ఫోను చేసి అడిగితే రెండు నిమిషాల పని. ఆమె అడగలేదు. తానే చదివింది. ‘పడిపోయిన’ అన్న మాట చూసింది, ‘పడిపోయినవారు’ అన్న అధ్యాయం చూసింది, తెలివిగా పని చక్కబెట్టానని మురిసిపోయి నాలుగు వందల ప్రతుల్లో డెబ్బై మూడో పుటలో అంటించింది. మూడు వారాల తర్వాత యంత్రం వెనుక ఊడుస్తుంటే, జారిపడి కోతకు తప్పించుకున్న ఆ ఎక్కువ తావు దొరికింది. అందులో పైవరుస పూర్తిగా ఉంది. చదవగానే తన తప్పు తెలిసింది. అప్పటికే పుస్తకాలన్నీ వెళ్ళిపోయాయి.

మొదట మాస్టారు ఆపరేషను చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నారు. తర్వాత ఆట అందరికీ నచ్చుతోంది. ఆ తర్వాత టైంకీపరు తన కోసం కూర్చున్నాడు. చెప్పకపోవడానికి ప్రతిసారీ ఒక కారణం దొరికింది. ఆ తావును అట్టలకు వేసే కాలికో గుడ్డల సొరుగులో అడుగున పెట్టింది. పారేయలేదు.

శనివారం పదకొండు మంది వచ్చారు. కుర్చీలు చాలక కాగితపు కట్టల మీద సర్దుకున్నారు. మాస్టారి అమ్మాయి గుమ్మం పక్కన నిలబడింది. ఆమెకు ఎవరూ చోటు చూపలేదు. జిగురత్త అది చూసి, తన స్టూలు తీసి ఆమె ముందు చప్పుడయ్యేలా పెట్టింది. తర్వాత సొరుగు తెరిచి, పసుపు తిరిగిన ఆ తావును బల్ల మీద పరిచింది.

"లెక్చరరుగారూ, మీ గొంతు బాగుంటుంది. చదవండి. గట్టిగా."

లెక్చరరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ముప్పై ఏడవ పుట, ఆరవ పంక్తికి బదులు ఇలా చదువుకోవాలి. పడిపోయిన ప్రాణి పక్కన జట్టులో ఒకరు..." తావును కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు. "...ఆ పూటంతా ఆగితే, మరునాడు అది లేచి నడుస్తుంది."

"ముప్పై ఏడో పుటలో ఏముంది?"

ఎవరో పుటలు తిప్పారు. "ఒంటెలు," అన్నారు నెమ్మదిగా. "ఒంటెల అలసట."

"మాస్టారు రాసింది ఒంటె గురించి. మీ దాకా తెచ్చింది నేను. పైవరుస తెగ్గొట్టి, అడగకుండా, తప్పు చోట అంటించాను. ఇరవై నాలుగేళ్ళు నోరు కుట్టుకున్నాను. ఇప్పుడు తిట్టండి."

వెనుక ఎవరికో నవ్వు వచ్చి, దగ్గులో కలిపేసుకున్నారు. టైంకీపరు మాత్రం పుస్తకం మూసి, మెల్లగా అన్నాడు: "పదకొండుసార్లు కూర్చున్నాను. పదకొండుసార్లు. అంటే నేను ఒంటెల డాక్టర్నా?"

అప్పుడు పేలింది గది. ఇది నకిలీ అని ఒకరు. నకిలీ అయినా కాకపోయినా ఇప్పుడు తేవడం కుట్ర అని ఒకరు. లెక్చరరు వ్యాసం మొత్తం ఒంటె మీద రాసినట్టయింది. జిగురత్త పాత చీటీనీ తావునూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే సీసపు అక్షరానికి ఒకే చోట అంచు విరిగి ఉండటం వేలు పెట్టి చూపింది. చూసినవాళ్ళు చూశారు. చూడనన్నవాళ్ళను ఆమె బతిమాలలేదు.

"మాస్టారికి తెలుసా?" అన్నాడు లెక్చరరు ఆఖరి ఆశతో.

"ఒకసారి ఇక్కడికి వచ్చారు. అన్నయ్య గోడవైపు కూర్చుని ఉన్నాడు. మాస్టారు పుస్తకం తెరిచి ఆ పుట చూశారు. నావైపు చూశారు. పుట తిప్పారు."

"అంటే ఒప్పుకున్నట్టే!"

"కాదు," అంది గుమ్మం పక్కనుంచి కూతురు. "నాన్నకు ఇష్టం లేకపోతే అలాగే ఊరుకునేవారు."

"పుట తిప్పారు. నేను చూసింది అంతే," అంది జిగురత్త. "చచ్చిపోయిన మనిషిని చెరో చెయ్యీ పట్టి లాగకండి."

"ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడెందుకు చెప్పావు?" టైంకీపరు లేచి నిలబడ్డాడు. "ఇంకో పదేళ్ళు ఊరుకుంటే మేమంతా సుఖంగా పోయేవాళ్ళం కదా!"

"మీరు ఆ పిల్లని ద్రోహి అన్నారు గనక. నా తప్పు నా దగ్గరే కుళ్ళినంతకాలం నేను మోశాను. తీసుకెళ్ళి దాని నెత్తిన రుద్దితే ఊరుకోను." గొంతు కోత యంత్రం కత్తి దిగినట్టు దిగింది. "అయినా ఏం పోతుంది మీకు? పాత పుస్తకం మీ అలమారలో ఉంది. కొత్తది అర్ధరాత్రి నడుచుకుంటూ వచ్చి దాన్ని కొరుక్కు తింటుందా? ఎవరైనా మీ ఇంటికొచ్చి చీటీ ఊడబీకుతారా? చచ్చేదాకా ఆడుకోండి, నేనూ ఆడతాను. అది చాలదా మీకు? ఇంకా పుట్టని పుస్తకం కూడా మీకు నచ్చినట్టే పుట్టాలా?"

మాస్టారి అమ్మాయి మొహం విప్పారింది. నాలుగేళ్ళ బరువు దిగినట్టు ఊపిరి తీసి, "ఎంత మేలు చేశావత్తా!" అంది. "ఇక ఎవరూ నోరెత్తరు. ముందుమాటలో రాసేస్తాను, పాత కూర్పులో దొర్లిన తప్పును ఇందులో సరిదిద్దామని..."

"నోరు ముయ్."

ఆ పిల్ల నిజంగానే మూసింది.

"తప్పు నాది. ఒక మధ్యాహ్నం చేసింది. దాన్ని పట్టుకుని ఇరవై నాలుగేళ్ళు ఒకరి కోసం ఒకరు గోడవైపు కూర్చున్నది వీళ్ళు. అది తప్పు కాదు. నువ్వు సరిదిద్దగలిగిందీ కాదు. నియమం తీసెయ్యి, నీ పుస్తకం, నీ ఇష్టం. ఎందుకు తీశావో నీ దగ్గర కారణం ఉంది. ముగ్గురు మనుషులు ఉన్నారు. అది రాయి. నా చేతి జిగురును నీ తెలివికి సాక్ష్యంగా చూపించకు."

ఆ రోజు ఆట జరగలేదు. టైంకీపరు వీడ్కోలు చెప్పకుండా వెళ్ళాడు. విన్నపం బల్ల మీదే మర్చిపోయాడు; మొదటి గీత మీద ఖాళీ అలాగే ఉంది. మేడ మెట్ల మీద నిలబడి అంతా విన్న మరదలు ఆ పూట ఒంటెల గురించి ఏమీ అనలేదు. కంచం కిందికే తెచ్చి పెట్టింది.

సోమవారం పుస్తకాలు వేసే ఆసామి ఫోను చేశాడు.

"అమ్మా, ఏదో గొడవ జరిగిందట. ఉత్తరం ఇస్తారా, ఇవ్వరా?"

"ఇవ్వను."

"అంటే మీ బల్ల ఒప్పుకోలేదన్నమాట."

"ఒప్పుకోవడానికి మేమెవరం బాబూ? పాత పుస్తకం కొన్నాం, ఆడుకున్నాం. కొత్తదాని మీద హక్కు ఎక్కడిది మాకు? మీకు ఆ పిల్ల రాత బాగుందనిపిస్తే వెయ్యండి. బాగుండలేదనిపిస్తే ఆ మాట దాని మొహం మీదే చెప్పండి. మధ్యలో నా సంతకం వెనుక దాక్కోకండి."

అవతలి మనిషి చాలా మర్యాదగా ఫోను పెట్టేశాడు.

ఏడు నెలలు నానబెట్టి, అనుకున్నదానిలో సగం ప్రతులే వేశాడు. బైండింగు వేరే ఊళ్ళో యంత్రం మీద చేయించాడు. ఆ పనిలో ఒక్క కుట్టు కూడా జిగురత్త చేతికి రాలేదు. ఒక ప్రతి మాత్రం మాస్టారి అమ్మాయి తెచ్చి ఇచ్చింది. జిగురత్త పుస్తకం వీపు వంచి చూసి, జిగురు బాగా పట్టలేదని విసుక్కుంది. తర్వాత ముందుమాట చదివింది. తోడు నియమం ఎందుకు లేదో రెండు వాక్యాల్లో ఉంది. ముగ్గురు అనే రాసింది. ఆరుగురు అనలేదు. తప్పు, సరిదిద్దడం అన్న మాటలు లేవు.

ఈలోగా ఆమె దుకాణం ముందు ఒక అట్టముక్క వేలాడదీసింది. పాత బిడారు పుస్తకం తెస్తే చీటీని దాని అసలు చోటికి మార్చి ఇస్తానని రాసింది. తన పనిలో దొర్లిన తప్పు గనక అది తన పూచీ అనుకుంది. నెలలు గడిచాయి. ఒక్కరూ తేలేదు. శనివారం బల్ల చుట్టూ నలుగురు తగ్గారు. అందులో ఒకరు టైంకీపరు.

అతను వచ్చింది పుస్తకం వెలువడిన రెండు నెలలకు, ఒక ఉదయం, డిపోకు వెళ్తూ. సంచీలోంచి తన పాత ప్రతి తీసి బల్ల మీద పెట్టాడు. మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి.

"మార్చమంటావా?" అంది జిగురత్త.

"ఏం మార్చడం? ఊడిపోతోంది. అంటించు."

"ఎక్కడ?"

"ఎక్కడుందో అక్కడ. అడగడం ఇప్పుడు నేర్చుకున్నావా?"

ఆమె పుట తెరిచింది. చీటీ ఒక అంచున లేచి, గాలికి కదులుతోంది. పాత జిగురు గీకి, కొత్తది పలచగా రాసి, డెబ్బై మూడో పుటలోనే పెట్టి బద్దతో రుద్దింది. తర్వాత పెన్సిలు తీసి, కింద చిన్న అక్షరాలతో రాసింది: ఇది ముప్పై ఏడో పుటకు చెందినది, ఇక్కడ అంటించినది నేను. అతను వంగి చదివాడు.

"ఆలస్యంగా చెప్పావు చెల్లాయ్. ఆ కోపం పోలేదు నాకు."

"పోనక్కర్లేదు. శనివారం దాన్ని కూడా వెంటబెట్టుకుని రా."

"చూద్దాం," అని గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ శనివారం రాలేదు. పై వారం వచ్చాడు.

జిగురత్త కొత్త కూర్పును ఆపలేదు, నిలబెట్టనూ లేదు. పాతదాన్ని చించలేదు. అడగవలసిన మాట అడగక ఒక చీటీని తప్పు చోట అంటించింది. ఇరవై నాలుగేళ్ళు దాచింది, అది దోషమే. దాచినది మరొకరి మీద నిందగా మారిన రోజున, తనకు అత్యంత ఆప్తులైనవాళ్ళ ముందు బయటపెట్టింది. రెండు పక్షాలూ ఆమె సంతకం అడిగాయి. ఆమె రెండు కాగితాల మీదా సంతకం చేయలేదు.